చెప్పు ముక్కతో కట్టిన ఈగ

ఆ ఇంట్లో ఒక పని బాగుందో లేదో తేల్చాలంటే దాన్ని విప్పి చూసేవారు. కట్టిన వస్తువు అందం దారిన పోయేవాళ్లకి కూడా కనిపిస్తుంది, విప్పినప్పుడు బయటపడేదే అసలు పనితనం అని అత్తగారి నమ్మకం. అందుకే కోడలు తన చేత్తో కట్టిన మొదటి ఈగను తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు ఆవిడ మెచ్చుకోనూ లేదు, వంక పెట్టనూ లేదు. కళ్లద్దాలు సవరించుకుని, సూది చేతిలోకి తీసుకుని, విప్పడం మొదలుపెట్టింది.

ఈగ అంటే చక్కెర మీద వాలే ఈగ కాదు. గాలపు కొక్కేనికి పట్టుదారంతో కోడి ఈకలూ, కుందేలు బొచ్చూ చుట్టి చేసే ఉత్తుత్తి పురుగు. నీటి మీద వేస్తే చేప దాన్ని నిజం పురుగనుకుని నోరు తెరుస్తుంది. మామగారి తండ్రి అదే పని చేశాడు, మామగారూ అదే పని చేశాడు. ఆయన పోయాక అత్తగారు ఒక్కతే ఆ పని పట్టుకుని ఉంది. ఇంటి ముందు గది దుకాణం. దాని వెనకది పని గది. అందులో కిటికీకి ఆనించి పొడవాటి బల్ల, బల్ల అంచుకు కొక్కేన్ని బిగించి పట్టుకునే చిన్న పట్టకార్లు, గోడ పొడవునా సొరుగులు. బల్ల ముందు రెండు కుర్చీలు. కిటికీకి దగ్గరగా ఉన్నది అత్తగారిది. దాని పక్కది మామగారిది. ఇప్పుడు దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు. దుమ్ము దులిపేటప్పుడు కూడా దాన్ని జరపడం లేదు.

కోడలి ఆశంతా ఆ కుర్చీ మీదే.

ఆమె పెళ్లికి ముందు నుంచీ విగ్గుల కార్ఖానాలో పనిచేసిన మనిషి. సన్నటి వల మీద ఒక్కొక్క వెంట్రుకనే లాగి ముడివేయడం ఆమె పని. నాటకాల్లో రాజులు పెట్టుకునే జుట్లూ, జబ్బు చేసి జుట్టు రాలిపోయినవాళ్లు పెట్టుకునే జుట్లూ ఆమె వేళ్ల మధ్య నుంచే పోయేవి. కార్ఖానా మూతపడింది. భర్త పొద్దున్నే పడవలు బాగుచేసే షెడ్డుకి వెళ్లిపోతాడు, ఆడపడుచు దుకాణంలో కూర్చుంటుంది, అత్తగారు బల్ల దగ్గర తలవంచుకుంటుంది. తనొక్కతే పొయ్యికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూ ఉండేది. చేతులకి పని లేకపోయేసరికి అవి తమంతట తామే ఏదో ఒకటి ముడివేస్తుండేవి. తువ్వాళ్ల కుచ్చులు, తెరల అంచులు, ఒకరోజు భర్త షెడ్డుకి తీసుకెళ్లే సంచీ తాళ్లు. అతను మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకోలేక సంచీని కోసి ఇంటికి తెచ్చాడు. "మా అమ్మని అడిగి నీకేదైనా పని ఇప్పించకపోతే నాకు తిండి దొరికేలా లేదు" అన్నాడు.

అలా కట్టిందే ఆ మొదటి ఈగ. అత్తగారు సూది దూర్చింది. దారం కదల్లేదు. ఇంకోవైపు నుంచి దూర్చింది. అక్కడా కదల్లేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇదేంటే ఇది, ఈగా ఇనప్పెట్టా?"

"ముడి వేశానత్తయ్యా."

"ఎక్కడ?"

"అన్నిచోట్లా."

దుకాణం గదిలోంచి ఆడపడుచు కిసుక్కున నవ్వింది. "అమ్మా, వదిన ఈగని ఏ చేపైనా మింగిందంటే దానికి ఆపరేషన్ ఖర్చు మనమే పెట్టుకోవాలి."

"నువ్వు నోరుముయ్" అని కూతుర్ని కసిరి, అత్తగారు కోడలి వైపు తిరిగింది. "చూడమ్మాయ్, ఈగలో ముడి ఒక్కటే. అది చివర్న. మిగతాదంతా బిగువే. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు కూర్చుని దాన్ని పట్టుకుని ఉండాలి. ఈక పాడైతే ఈక మారుస్తాం, కొక్కెం మొద్దుబారితే కొక్కెం మారుస్తాం. నువ్వు కట్టినదాన్ని ఏం చెయ్యను? పూజ చెయ్యనా?"

కోడలు సిగ్గుపడి చేయి చాపింది, తిరిగి తీసుకుందామని. అత్తగారు ఇవ్వలేదు. దాన్ని ఒక పక్కన పెట్టి, మూలనున్న ముక్కాలిపీట చూపించింది. "ఆ పీట వేసుకో. ముందు విప్పడం నేర్చుకో. కుర్చీ సంగతి తర్వాత చూద్దాం."

కుర్చీ గురించి తను నోరు తెరిచి ఎవరితోనూ అనలేదే, ఈవిడకెలా తెలిసింది అని కోడలు ఆశ్చర్యపోయింది. రోజూ దాన్ని తుడిచేటప్పుడు తన చేయి ఎంతసేపు ఆగుతోందో ఆమె గమనించుకోలేదు మరి.

చేపలు పట్టేవాళ్లు వాడి వాడి చిరిగిపోయిన ఈగల్ని తెచ్చి దుకాణంలో ఇచ్చేవారు. కోడలు పీట మీద కూర్చుని వాటిని విప్పేది. చివరి ముడి సడలగానే దారం ఎటు నుంచి ఎటు వచ్చిందో దాని వెంట వెనక్కి పోతూ చెప్పేది. ఇక్కడ రెక్క నిలబెట్టారు, ఇక్కడ తోక పెట్టారు, ఇక్కడ చెయ్యి అలిసిపోయి ఒక చుట్టు ఎక్కువ వేశారు. కొన్ని మామగారు కట్టినవి వచ్చేవి. అవి విప్పుతుంటే దారం వెన్నలా వచ్చేసేది. ఆయన్ని ఆమె చూసింది కొద్దికాలమే. మాట తక్కువ మనిషి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడింది లేదు. ఇప్పుడు ఆయన కట్టినవి విప్పుతుంటే మాత్రం ఆయన పక్కనే కూర్చుని నెమ్మదిగా ఏదో చెబుతున్నట్టుండేది.

విప్పడం వచ్చేసరికి కట్టడమూ వచ్చింది. దాంతో పాటు ఇంకో జబ్బు కూడా పట్టుకుంది. కనిపించిన ప్రతి వస్తువూ ఆమెకి ఈగలాగే కనిపించసాగింది. అరిగిన పళ్ల బ్రష్ కుచ్చు పురుగు కాళ్లయ్యేది. బిస్కెట్ పొట్లం లోపలి వెండి కాగితం పొట్ట కింది మెరుపయ్యేది. చిరిగిన దోమతెర రెక్కయ్యేది. కార్ఖానా నుంచి తెచ్చుకున్న విగ్గు వెంట్రుకలు సరేసరి. అన్నీ ఒక రేకు డబ్బాలో దాచుకునేది.

"వదినా, నీకు దణ్ణం పెడతాను, నా జడ జోలికి మాత్రం రాకు" అని ఆడపడుచు జడ ముందుకు వేసుకుని పట్టుకునేది.

అత్తగారికి ఆ డబ్బా కంట్లో నలుసు. "చేపకి కోడి ఈక తెలుసు, కుందేలు బొచ్చు తెలుసు. నీ పళ్ల బ్రష్ ఎలా తెలుస్తుందే?"

"చేప కోడిని ఎప్పుడు చూసిందత్తయ్యా?"

అత్తగారు దారం చుడుతున్న చెయ్యి ఆపింది. "అన్నిచోట్లా ముడేశావు గానీ, నీ నోటికి వెయ్యడం మర్చిపోయావు" అని మళ్లీ పనిలో పడింది.

చలి తగ్గి, ఏట్లో నీళ్లు తేటపడి, చేపల వాళ్లు గాలాలు దులుపుకునే రోజులు వచ్చాయి. ఆ ఇంటికి ఏడాదంతా గడిచేది ఆ రోజుల మీదే. ఆడపడుచు పుంజు మెడ ఈకల సొరుగు లాగింది. లాగి, అలాగే నిలబడిపోయింది.

సొరుగులో ఈకలు లేవు. ఈనెలున్నాయి. వాటి మధ్య ఎండిన పొట్టులాంటి గోధుమరంగు పొడి, చచ్చిన చిన్న చిన్న పురుగుల తొడుగులు. పక్క సొరుగూ అంతే. కుందేలు బొచ్చు పెట్టె తెరిస్తే బట్టతలలాంటి తోలు మిగిలింది.

పురుగు పట్టకుండా సొరుగుల్లో కలరా ఉండలు వేయడం మామగారి పని. కరిగిపోయినవి చూసి, కొత్తవి ఆయనే వేసేవాడు. ఆయన పోయాక ఆ పని ఎవరిదీ కాలేదు. తల్లి వేసిందని కూతురు, కూతురు వేసిందని తల్లి అనుకున్నారు. కోడలికి అలాంటి పని ఒకటుందనే తెలియదు.

అత్తగారు వచ్చి సొరుగులో చెయ్యి పెట్టింది. పొడిని వేళ్ల మధ్య నలిపింది. ఏడుస్తుందేమో అని అందరూ చూస్తూ నిలబడ్డారు. ఆవిడ ఏడవలేదు. "ఈసారికి దుకాణం తియ్యొద్దు" అని, లోపలికి వెళ్లి పడుకుంది.

కొత్త ఈకలు తెచ్చే దారీ లేదు. రంగురంగుల పుంజుల్ని పెంచే ఆయన ఇప్పుడు మాంసానికి పనికొచ్చే తెల్ల కోళ్లే పెంచుతున్నాడు. వాటి ఈక దూదిలా ఉంటుంది. నీళ్లు తాగి మునిగిపోతుంది.

"నీ డబ్బా తియ్యవోయ్" అన్నాడు భర్త ఆ సాయంత్రం, పొయ్యి దగ్గర.

"అత్తయ్య అలా పడుకుని ఉంటే ఇప్పుడా? శవం పక్కన సంత పెట్టినట్టుంటుంది."

"దుకాణం మూసేస్తే ఆ రెండు కుర్చీలూ ఖాళీ అవుతాయి. అది చూడగలవా?"

ఆమె మర్నాడు పొద్దున వంటింటి కిటికీ గట్టు మీద పని మొదలుపెట్టింది. రెక్కకి విగ్గు వెంట్రుకలు కుదిరాయి. కాళ్లకి బ్రష్ కుచ్చు కుదిరింది. పొట్ట కుదరలేదు. నీటి మీద తేలాలి, బిగించి కడితే నలగకూడదు. స్పాంజి నీళ్లు పీల్చింది. పెట్టెల్లో వచ్చే తెల్లని థర్మాకోల్ దారం బిగువుకి పొడైపోయింది. ఇల్లంతా వెతుకుతూ పెరట్లోకి వెళ్తే, గోడ గూట్లో పాత రబ్బరు చెప్పుల జత కనిపించింది. నీలంరంగువి, అరిగి కాగితంలా అయినవి. ఒకదాని మడమ దగ్గర మాత్రం ఇంకా కాస్త మందముంది. వేలితో నొక్కితే దిగి, మళ్లీ లేచింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. చాకు తీసుకుని ముక్క కోసింది.

కట్టింది. తనే విప్పింది. మళ్లీ కట్టింది. ముడి వేయబోయిన వేలిని మరో చేత్తో కొట్టి మరీ ఆపింది. చివరికి తయారైన ఈగను కాఫీ కప్పుతో పాటు తీసుకెళ్లి అత్తగారి ముందు పెట్టింది.

అత్తగారు దాన్ని కదపకుండా చాలాసేపు చూసింది. తర్వాత లేచింది. బల్ల దగ్గరికి వెళ్లి తెల్లకాగితం పరిచింది. సూది అందుకుంది. ఆడపడుచు గుమ్మంలోకి వచ్చి మెడ సాచి నిలబడింది.

చివరి ముడి సడలింది. దారం ఆగకుండా వచ్చేసింది. కాళ్లు ఊడి కాగితం మీద పడ్డాయి. ఒక్కటీ విరగలేదు. వెంట్రుకల కుచ్చు కుచ్చులాగే వచ్చింది.

"ఇదేం బొచ్చు?"

"విగ్గత్తయ్యా. నాటకంలో రాజుది."

"రాజావారు ఇలా పురుగైపోయారన్నమాట." ఆవిడ పెదవి చివర నవ్వు కదిలింది. "ముడి లేదే!"

"చివర్న ఒక్కటే."

"ఊఁ." ఆ 'ఊఁ' కోసం కోడలు ఎన్ని రోజులు పీట మీద కూర్చుందో! ఆవిడ పొట్ట ముక్కని తీసి వేళ్ల మధ్య నొక్కి చూసింది. తిరగేసింది. అడుగున గీతలు, సగం అరిగిపోయినవి. బొటనవేలు ఆ గీతల మీద ఆగిపోయింది.

"ఇదెక్కడిది?"

"పెరట్లో గూట్లో పాత చెప్పుంటే..."

ఆడపడుచు ముఖంలో నవ్వు ఆరిపోయింది. "వదినా, అవి నాన్నవి. ఏటి నుంచి వచ్చి అక్కడే విడిచేవాడు."

అత్తగారు ముక్కని కాగితం మీద పెట్టి, మిగతావాటితో సమానంగా సర్ది, లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

కోడలు ఆ ముక్క పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. చెప్పు తీసుకుని గట్టు మీద కూర్చుని, కోసిన చోట ఆ ముక్కని ఇమడ్చబోయింది. ఇమడలేదు. ఈగ కోసం చెక్కి చెక్కి దాన్ని వేలి కొన అంత చేసింది కదా. అయినా సూదీ దారం తెచ్చి, చుట్టూ ఉన్న రబ్బరుని దగ్గరికి లాగి కుట్టడం మొదలుపెట్టింది. కన్నీళ్లకి సూది కనిపించక వేలికి గుచ్చుకుంది.

"ఏం చేస్తున్నావ్?" వెనక అత్తగారు.

"అతికిద్దామని..."

"అతికిస్తే? వేసుకుని నడుస్తావా?"

అత్తగారు వచ్చి గట్టు మీద పక్కనే కూర్చుంది. రెండో చెప్పు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ రబ్బరులో వేళ్ల గుంటలు ఇంకా ఉన్నాయి.

"ఒకసారి ఇది ఏట్లో పడిపోయింది," అంది ఆవిడ. "మునగలేదు. తేలుతూ పోతోంది. మీ మామయ్య ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలు ఖాళీగా ఒడ్డు పట్టుకుని దాని వెంట పరుగు. తెచ్చుకుని ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? దీని వెనకాలే ఒక పెద్ద చేప వచ్చిందట. ముక్కుతో పొడిచి చూసిందట. అబద్ధాలాడొద్దన్నాను. నెల రోజులు వేళాకోళం చేశాను. చేపల వాళ్ల మాటలు ఎవరు నమ్ముతారు?"

కోడలికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"కొయ్యకముందు అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కాదు," అంది అత్తగారు. "అదే నా కోపం. నువ్వు అడగలేదని కాదు, నేను ఇచ్చేదాన్ని కాదని." ముక్కు చీదుకుని లేచింది. "పద. నా బట్టల పెట్టె అడుగున పుంజు మెడ ఈకలు నాలుగున్నాయి. పురుగుకి అందనివి. ఈగ మెడ చుట్టూ ఒక చుట్టు నిజం ఈక లేకపోతే మాత్రం నేనొప్పుకోను. చేప సంగతి దేవుడెరుగు, నా మొహం నేను అద్దంలో చూసుకోవాలి కదా."

కాగితం మీద విప్పిపెట్టినవి విప్పినట్టే ఉన్నాయి, కోడలు చెప్పు ముక్కని తెచ్చి మళ్లీ వాటి పక్కన పెట్టింది. ఈసారి కట్టింది అత్తగారు. నీలం పొట్ట, రాజుగారి వెంట్రుకలు, బ్రష్ కాళ్లు, వాటి ముందు ఎర్రటి పుంజు ఈక ఒక్క చుట్టు. కోడలు పీట మీద నుంచి దారం అందించింది.

దాన్ని నీళ్లలో వేసి చూసే పని పోస్టుమాన్ బాబాయిది. ఉత్తరాలు పంచడం మానేసినా ఆ వీధిలో తిరగడం మానని మనిషి, మామగారితో కలిసి ఏటి ఒడ్డు అరగదీసినవాడు. ఆయనకి ఈగ చేతిలో పెట్టి, దేనితో కట్టారో ఆడపడుచు చెప్పేసింది.

"చెప్పుతోనా?" ఆయన కళ్లు పెద్దవి చేశాడు. "వదినగారూ, చేపల్ని పట్టాలా, కొట్టాలా? సరిగ్గా చెప్పండి."

"ముందు వెయ్యవయ్యా," అంది అత్తగారు.

సన్నగా తుంపర పడుతోంది. ఏటి ఒడ్డున అందరూ నిలబడ్డారు. బాబాయి గాలం కర్రని వెనక్కి విసిరి ముందుకు వేశాడు. నీలం ఈగ నీటి మీద వాలి, తేలుతూ వచ్చింది. అది మునగనందుకే కోడలు ఊపిరి వదిలింది. రెండోసారి. మూడోసారి. అప్పుడు కింద నుంచి ఒక నీడ లేచింది. చేప నోరు పైకెత్తింది. ఈగ దగ్గర దాకా వచ్చి, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

"చూశారా? దానిక్కూడా రోషం ఉంటుంది," అన్నాడు బాబాయి.

కోడలు అత్తగారి మొహం చూడలేకపోయింది. కానీ ఆవిడ నీటివైపే చూస్తోంది. "మరీ ఎత్తుగా కూర్చుందే. నీటి మీద పడవలా ఉంది. పురుగు అలా కూర్చోదు. సగం తడిసి, సగం బతికి ఉండాలి."

"పొట్ట ఎక్కువైందత్తయ్యా. సగం తీసేద్దామా?"

"ఇక్కడా?"

"మనదగ్గర ముడి ఒక్కటే కదా."

అత్తగారు ఒక్క క్షణం ఆమెవైపు చూసి, పైటలో గుచ్చుకున్న సూది తీసి ఇచ్చింది. తడి గట్టు మీద కూర్చుని, అత్తగారి అరచెయ్యే బల్లగా, కోడలు ఆ ఈగని విప్పింది. ముక్కని నిలువునా చీల్చింది. ఒక్కో చుట్టూ మళ్లీ వేసింది. అత్తగారు ఈసారి ఏమీ చెప్పలేదు. తుంపర తగలకుండా రెండో చెయ్యి పైన అడ్డం పెట్టింది, అంతే.

ఈగ నీటి మీద పడింది. ఈసారి పొట్ట సగం దిగి, ఈక మాత్రం పైకి లేచి, చావు బతుకుల్లో ఉన్న పురుగులా ఒణికింది. నీడ లేవడం ఎవరూ చూడలేదు. చప్పుడే వినిపించింది. బాబాయి కర్ర వంగింది. "ఓరి నీ..." అని ఆయన మొదలుపెట్టిన మాట ఆడవాళ్లున్నారని సగంలో మింగేశాడు.

చేపని ఒడ్డుకి తెచ్చాక అత్తగారు వంగి, దాని నోట్లోంచి ఈగని మెల్లిగా విడిపించింది. "నెల రోజులు వేళాకోళం చేశాను," అని తనలో తనే అనుకుంది. చేపని బాబాయి మళ్లీ నీళ్లలోకి వదిలేశాడు.

మర్నాడు కోడలు అలవాటుగా పీట లాక్కుంటుంటే అత్తగారు తలెత్తకుండానే అంది: "ఆ పీట దుకాణంలో కావాలట, ఇచ్చెయ్యి. నువ్వా కుర్చీలో కూర్చో. ఎడంకాలు ఊగుతుంది, చూసుకో."

కోడలు కూర్చుంది. కాలు నిజంగానే ఊగింది. కిటికీలోంచి వచ్చే వెలుగు, పీట మీద నుంచి ఎన్నడూ అందనిది, ఇప్పుడు నేరుగా ఆమె చేతుల మీద పడింది.

తర్వాత చాలా ఏళ్లు ఆమెని అక్కడే చూశారు, జుట్టు నెరిసినా, అత్తగారి కళ్లద్దాల కన్నా మందమైనవి తనకి వచ్చినా. ఎవరు ఏది కట్టి తెచ్చినా చేయి చాపి సూది అందుకునేది. పిల్లలు నేర్చుకోవడానికి వస్తే ముందు విప్పమనేది. ఇప్పుడు ఆమే లేదు, ఆ వేళ్లూ లేవు. వాటిని చూసినవాళ్లు మాత్రం ఏ దారం చూసినా ఒక్క క్షణం ఆగుతారు.

కానీ నీలం ఈగ పుట్టిన ఆ ఏడాది సంగతి వేరు. దుకాణం తలుపులు బార్లా తెరిచారు. అద్దాల పెట్టెలో నీలం ఈగలు, పక్కనే ఎర్రవి, పచ్చవి. అత్తగారు వీధిలో నడుస్తుంటే ఇరుగుపొరుగు తమ చెప్పులూ వస్తువులూ లోపల పెట్టుకోవడం మొదలైంది. ఒక వాన రోజు పోస్టుమాన్ బాబాయి వచ్చి గుమ్మంలో నిలబడితే, ఆవిడ బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి, ఆయన వానకోటు అంచుని రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఏమయ్యా, ఈ కోటు కొని ఎన్నాళ్లైంది?"

"ఎందుకు వదినగారూ?"

"ఊరికే. అమ్మాయ్, ఇలా వచ్చి చూడు. రెక్కకి ఎలా ఉంటుందంటావ్?"

బాబాయి కోటు చుట్టూ చేతులు బిగించుకుని, వానలోకే వెనక్కి నడిచాడు.